బావురుపిల్లి కాలు, తిల్లచెట్టు పాలు

నేను పిరికివాణ్ణి. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ హాయి, నాకూ హాయి. అడవుల్లో రేంజరుగా చేసి రిటైరైన మనిషి అనగానే భుజాన తుపాకీ, మెలితిప్పిన మీసం ఊహించుకుంటారు జనం. నాకు మీసమే సరిగ్గా మొలవలేదు. తుపాకీ మోత వింటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మాది గుడివాడ. నాన్నగారు బియ్యం మిల్లులో గుమాస్తా. ఒంటిమీద బల్లి పడితే వీధి చివరిదాకా పరిగెత్తిన ఘనుణ్ణి నేను. అలాంటివాణ్ణి పట్టుకుని యాభైల చివర్లో బందరులో ఉద్యోగమిచ్చి, దివిసీమ మడ అడవులు అప్పజెప్పారు. మా అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చేవాణ్ణే, నెల తిరిగితే జీతం వస్తుంది కదా అని ఊరుకున్నాను.

ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన అబ్బాయిలూ అమ్మాయిలూ నన్ను చూడటానికి వస్తుంటారు. "సర్వీసులో ఎప్పుడైనా భయం వేసిందా సార్?" అని అడుగుతారు. ఎప్పుడు వెయ్యలేదో అడగండమ్మా, అది చెప్పడం తేలిక. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ళ సంగతి నేను రాయను. వాటిని గురించి చెప్పేవాళ్ళు మీకు బోలెడుమంది దొరుకుతారు. నేను ఒక జంతువు గురించీ ఒక చెట్టు గురించీ చెబుతాను. ఏది ఏ జాతి, దేనికి ఎంత రక్షణ అనేది పరీక్ష కోసం బట్టీపట్టే పాఠమని మీరనుకుంటారు. ఒక మనిషి చూపు ఆ పాఠం మీద ఆధారపడిన రోజులు నేను చూశాను.

చుట్టరికాలు

ముందు జంతువు. బావురుపిల్లి. కొందరు నీటిపిల్లి అంటారు. ఊరకుక్కంత ఉంటుంది, బూడిద రంగు ఒళ్ళు, వరసగా నల్లమచ్చలు, నుదుటి మీద చారలు, పొట్టి తోక. చేపలు పట్టుకుని తింటుంది. మాంసాహార జంతువుల వరుసలో పిల్లి కుటుంబం దానిది. పులీ, చిరుతా, మన వంటింట్లో పాలు తాగి పారిపోయే దొంగముండా అన్నీ ఆ కుటుంబమే. అందుకే మసక వెలుతురులో దాని మొహం చూసినవాడికి పులి కనపడుతుంది. ఆ మొహంలో పెద్దవాళ్ళ పోలిక ఉంది మరి, ఎవరేం చేస్తారు?

ఇక చెట్టు. తిల్ల. మడ అడవిలో గట్టువైపు అంచున పెరుగుతుంది. రాలబోయే ముందు ఆకులు ఎర్రబడతాయి, దూరం నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. మడ అడవిలో ఉంది కదా అని అది మడచెట్టుకి చుట్టమనుకోకండి. ఒకే పేటలో అద్దెకున్నంత మాత్రాన దాయాదులైపోరు. తిల్లది ఆముదం కుటుంబం. పెరట్లో ఆముదం మొక్కా, గట్టు మీద జెముడూ దాని బంధువులు. కొమ్మ విరిస్తే తెల్లగా పాలు కారతాయి. ఒంటికి తగిలితే బొబ్బలు, కంట్లో పడితే చూపే పోవచ్చు. కట్టె కాలిస్తే పొగకి కూడా కళ్ళు మండిపోతాయి.

ఆ రోజుల్లో వీటి హోదా ఏమిటంటారా? చెట్టుకి హద్దురాయి ఉంది. రిజర్వు అడవిలో ఉంది కాబట్టి పర్మిట్టు లేకుండా పుల్ల విరిచినా కేసు రాయొచ్చు. దాని మీద ప్రేమేమీ కాదు, సర్కారు వారి వంటచెరకు అది. జంతువుకి ఆ మాత్రం కూడా లేదు. హద్దులోపల ఉన్నంతసేపూ తుపాకీ పేల్చకూడదని రూలుంది, అంతే. చేపల కోసం హద్దురాయి దాటి కాలవగట్టెక్కిందంటే దానికి దిక్కులేదు. కాలున్న దానికంటే వేరున్న దానికి ఎక్కువ రక్షణ ఉన్న రోజులవి.

మా డి.ఎఫ్.ఓ. గారు

నా మొదటి పై అధికారి వక్కపొడి నమిలే ముసలాయన. చాలా కోపిష్టి. చేరిన రోజునే నా ముందు ఒక తోలు పరిచి "ఇదేమిటోయ్?" అన్నారు.

మచ్చలు చూసి "చిరుతపులి పిల్లండీ" అన్నాను.

"నీ మొహం! తోలు చూసి చెప్పేవాడు తోలు వ్యాపారం చేసుకోవాలి. అడవిలో నీకు తోలు కనపడుతుందా? అడుగు కనపడుతుంది. చిరుత నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. ఈ బావురుపిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, బురదలో గోటి మొన పడుతుంది. జంతువైతే కాలు చూడు, చెట్టైతే పాలు చూడు. ఆ తరవాతే నోరు తెరు."

ఇంకో మాట కూడా చెప్పారు. మడ అడవిలో అడుగులు ఎప్పుడైనా పాటు మీదే చూడాలట, అంటే సముద్రం వెనక్కి తీసి బురద బయటపడినప్పుడు. పోటు వచ్చిందంటే ఆ నీళ్ళు అడుగులోకి చేరి, అంచులు కరిగి జారి, అడుగు పెరుగుతుంది. పిల్లి అడుగు పులి అడుగు అవుతుంది. ఆయన మాట తీరు నాకు నచ్చేది కాదు, వెనకాల తిట్టుకునేవాణ్ణి కూడా. కానీ ఆయన నేర్పిన ఈ రెండు ముక్కలే నాతో చివరిదాకా వచ్చాయి.

పోతురాజు కళ్ళు

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం. దివిసీమలో ఉప్పుటేటి ఒడ్డున ఒక చిన్న పల్లె. పేరు చెప్పను, అప్పటి వాళ్ళ మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఆ పల్లె నుంచి కబురొచ్చింది, పులి పడిందని, మనిషిని కొట్టిందని. మా గార్డు కోటయ్యని వెంటబెట్టుకుని పడవెక్కాను. దారి పొడుగునా నా కాళ్ళు వణుకుతుంటే కోటయ్య "పడవ ఊగుతోందండీ, అంతే" అని నా పరువు నిలబెట్టాడు.

దెబ్బతిన్నవాడు పోతురాజు. పర్మిట్టు మీద మడలో కట్టెలు కొట్టుకునే మనిషి. గుడిసె ముందు నులకమంచం మీద పడి ఉన్నాడు. మొహం నిండా గీరుళ్ళు, రెండు కళ్ళూ ఉబ్బి మూసుకుపోయి ఉన్నాయి. భార్య మంగమ్మ పక్కన కూర్చుని తుండుగుడ్డ తడిపి కళ్ళు తుడుస్తోంది. తుడిచినప్పుడల్లా వాడు కేకలు పెడుతున్నాడు.

"మీదకి దూకిందండీ," అన్నాడు పోతురాజు. "ఏటి పక్క పొదలోంచి గుర్రుమంది. మొహం చూశా. పులేనండీ! పరిగెత్తా. ఎటు పరిగెత్తానో కూడా తెలవదు. మొహం మీద కొట్టింది, అంతే, కళ్ళు మంటలు."

"ఈయనకి చూపొస్తదా బాబూ?" అంది మంగమ్మ. "ఇద్దరు ఆడపిల్లలండీ మాకు. ఈయన కళ్ళే మాకు ఆధారం."

ఏం చెప్పను? నేను డాక్టర్ని కాదు. వస్తుందిలే అమ్మా అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

అడుగులు చూపిస్తామని పల్లెవాళ్ళు ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళారు. ఒక అడుగులో అరచెయ్యి పెడితే ఇంకా చోటు మిగిలింది. కానీ అప్పటికే పోటు వచ్చి పోయింది. అంచులు జారి ఉన్నాయి, గోళ్ళున్నాయో లేదో దేవుడికే తెలియాలి. అది చూసి పులి అనలేను, కాదనీ అనలేను.

అప్పుడొచ్చారు వీరాస్వామి గారు. మొవ్వ వైపు రైతు. ఎండాకాలం ఆయన గేదెలు ఆ గట్ల మీదే మేస్తాయి. అంతకు కిందటి వారమే ఒక దూడ కనపడకుండా పోయింది. చేతిలో తుపాకీ ఉంది, వెనక పది మంది ఉన్నారు. మంచివాడే, అది నేను కాదనను. భయపడ్డ మంచివాడు.

"రేపు మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి తిరుగుతుంది. అవతలి వైపు నుంచి అంటించేస్తాం. ఎండిన గడ్డి ఉంది, అంచంతా భగ్గున లేస్తుంది. అది ఇటు పరిగెత్తుకొస్తుంది, మేం తుపాకులతో కాచుకుని ఉంటాం," అన్నారు.

"రిజర్వు అడవండీ అది. అంటించడానికి వీల్లేదు."

"ఏవండీ రేంజరు గారూ, మీకు చెట్లు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా? నా దూడ పోతే పోయింది. రేపు పిల్లో పిల్లాడో పోతే మీరొచ్చి బతికిస్తారా? అది పులి కాదని ఒక్క మాట చెప్పండి, ఇంటికెళ్ళిపోతాం."

ఆ ఒక్క మాటే నా దగ్గర లేదు. నిజంగా చిరుతపులే అయితే? నేను కాదన్నాక రేపు ఇంకో మనిషిని పట్టుకుంటే? అక్కడున్న అందరి మొహాలూ చూశాను. ఆడవాళ్ళు పిల్లల రెక్కలు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఒక్కరూ వదలడం లేదు. "పొద్దున్నే పాటు మీద లోపలికెళ్ళి చూసొస్తాను. అప్పటిదాకా ఆగండి," అనేశాను. అన్నాక నా నోటిని నేనే తిట్టుకున్నాను.

పాటు మీద

తెల్లవారి వెలుగొచ్చాక నేనూ కోటయ్యా దిగాం. మడ అడవిలో నడక ఎప్పుడైనా నడిచారా? బురద పిక్కలదాకా లాగుతుంది. చెట్ల వేళ్ళు నేలలోంచి మేకుల్లా నిలబడి ఉంటాయి, చూసి అడుగెయ్యకపోతే అరికాలు చీలుతుంది. పీతల టకటకలు తప్ప చప్పుడు లేదు. ప్రతి పొదా నన్నే చూస్తున్నట్టు ఉంది. పాటు ఎంతోసేపు ఉండదు. నీళ్ళు మళ్ళీ ఎక్కేలోపల బయటపడకపోతే ఆ బురదలోనే సమాధి.

కోటయ్య ఆగి వేలు చూపించాడు. ఏటి అంచున కొత్త అడుగులు, అప్పుడే పడ్డవి. చిన్నవి. ముందు వైపు నాలుగు గోటి మొనలు, సూదితో పొడిచినట్టు. వంగి చూస్తూ "గోళ్ళున్నాయి కోటయ్యా" అన్నాను.

కోటయ్య నా చొక్కా పట్టుకుని లాగాడు. తలెత్తి చూస్తే, ఏటికి అవతల, పది బారల దూరం కూడా లేదు, కూర్చుని ఉంది.

నిజం చెబుతున్నాను, గోళ్ళు చూశాక కూడా నా కళ్ళకి పులే కనపడింది. అదే నుదురు, అవే చారలు. చెవులు వెనక్కి వాల్చి, పళ్ళు బయటపెట్టి, గొంతులో గుర్రుమంది. వెనక్కి తిరిగి పరిగెత్తబోయాను. తిరిగేసరికి ఎదురుగా తిల్ల పొదలు.

అక్కడ కొమ్మలు విరిగి వేళ్ళాడుతున్నాయి, అటూ ఇటూ, మనిషి ఎత్తున, ఒకడు గుడ్డిగా దూసుకుపోయినట్టు. విరిగిన చోటల్లా పాలు కారి, గడ్డకట్టి ఉన్నాయి. పోతురాజు పరిగెత్తిన దారి అది.

నాకు అప్పుడు అర్థమైంది. పులి కొట్టలేదు వాణ్ణి. ఏ జంతువూ ముట్టుకోలేదు. చెట్టు కొట్టింది. దేని నుంచి పారిపోయాడో అది వాడి జోలికి రాలేదు. దేని లోపలికి పారిపోయాడో అది వాడి కళ్ళు తీసింది. ఇంకో క్షణంలో నేనూ అదే పని చేసి ఉండేవాణ్ణి.

నిలబడిపోయాను. ముందు ఆ మొహం, వెనక ఆ కొమ్మలు. భయం తగ్గిందనుకునేరు, అబ్బే, ఒళ్ళంతా చెమట. ఎటు భయపడాలో తెలిసింది, అంతవరకే. కాసేపటికి ఆ జంతువు నన్ను వదిలేసి నీళ్ళలోకి చూడటం మొదలుపెట్టింది. చటుక్కున తల ముంచి చేపని పట్టుకుని పొదలోకి పోయింది. పులులు ఈ పని చెయ్యవండీ.

"ఓరి నీ అమ్మ కడుపు మాడా, పిల్లి!" అన్నాడు కోటయ్య, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో. ఏటిలో నీళ్ళు పెరగడం మొదలైంది. తిల్లకి దూరంగా, చుట్టు తిరిగి బయటపడ్డాం.

తుండుగుడ్డ

పల్లెకి రాగానే నేను వీరాస్వామి గారి దగ్గరికి వెళ్ళలేదు, పోతురాజు దగ్గరికి వెళ్ళాను. వాడి కళ్ళు ముందురోజు కంటే ఘోరంగా ఉన్నాయి. అది నాకు అంతుపట్టలేదు. పాలు పడ్డాక కడిగితే మెల్లగానైనా తగ్గాలి కదా? మంగమ్మ అదే తుండుగుడ్డ తడిపి తుడుస్తోంది. ఆమె వేళ్ళు చూశాను. వేళ్ళ నిండా బొబ్బలు.

"నీ చేతులకేమైందమ్మా? నువ్వూ మడలోకి వెళ్ళావా?"

"లేదు బాబూ, ఈయన్ని వదిలి ఎక్కడికీ కదల్లా."

"ఆ గుడ్డ ఎవరిది?"

"ఈయన తలగుడ్డేనండీ. ఆ రోజు తలకి చుట్టుకుంది."

"ఉతికావా?"

అయ్యయ్యో అన్నట్టు చూసింది నన్ను. ఆ పల్లెలో పద్ధతి ఒకటి ఉంది. చావు తప్పించుకుని అడవిలోంచి బయటపడ్డవాడి తలగుడ్డ, వాడు పూర్తిగా కోలుకునేదాకా ఉతక్కూడదు. బతికించింది ఆ గుడ్డే కాబట్టి గాయం తుడిచినా దాంతోనే, కట్టినా దాంతోనే. తిల్లపాల సంగతి వాళ్ళకి తెలియక కాదు, పుట్టినప్పటి నుంచీ తెలుసు. తిల్ల కొడితే ఏటిలో మునిగిగానీ ఇంట్లో అడుగు పెట్టరు. కానీ పోతురాజు ఆ రోజు తిల్ల కొట్టలేదు. పులి అన్నాడు. పులి అన్నాక ఎవరికీ చెట్టు గుర్తు రాలేదు.

"మంగమ్మా, ఆ గుడ్డ అవతల పారెయ్. దాని నిండా తిల్లపాలు. తడిపినప్పుడల్లా అవి మళ్ళీ కంట్లోకి పోతున్నాయి."

ఆమె గుడ్డ వంకా, తన వేళ్ళ వంకా చూసుకుంది. "నేనే తీసేస్తున్నానా బాబూ ఈయన కళ్ళు?" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినపడుతుంది.

కుండల కొద్దీ మంచినీళ్ళు పోసి కడిగాం. పడవ కట్టించి ఇద్దర్నీ బందరు ఆసుపత్రికి పంపించాను. కళ్ళు దక్కుతాయో లేదో వారం దాటితేగానీ చెప్పలేమన్నారట డాక్టరు గారు.

నిప్పు సంగతి తేల్చడం ఆ తరవాత కష్టం కాలేదు. "అంచు నిండా తిల్ల ఉంది. గాలి పల్లె మీదకి. ఒక్క తలగుడ్డ చేసిన పని చూశారుగా, ఆ అడవంతా పొగై మీ పిల్లల కళ్ళలో పడితే?" అన్నాను. పైగా చెట్టు సర్కారుదయ్యె. అంటిస్తే కేసు రాస్తానన్నాను, ఆ మాటలో నాకు బలం ఉంది.

వీరాస్వామి గారు అడిగారు: "అయితే అది పులి కాదంటారు."

"కాదండీ. బావురుపిల్లి."

"పిల్లిని కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదుగా?"

హద్దురాయి అవతల

నేను చెప్పింది నిజం. మళ్ళీ అదే రోజొస్తే మళ్ళీ అదే చెబుతాను. కానీ ఈ ఉద్యోగంలో ఒక భయంకరమైన సంగతి ఉంది, విని ఉండండి. మీరు దేనికైనా సరైన పేరు పెట్టగానే ఆ పేరుకి చట్టంలో ఎంత విలువుందో అంతే దాని బతుకు. చెట్టుని కాపాడటానికి నాకు చట్టముంది. జంతువు గురించి "వద్దండీ, పాపం, చేపలు తింటుందండీ" అని బతిమాలడం తప్ప నా దగ్గర ఏమీ లేదు. బతిమాలాను. దూడ పోయిన మనిషికి, దాన్ని చంపుతానని పల్లెకి మాటిచ్చిన మనిషికి, నా బతిమాలడం ఏపాటి? అడవి వైపు వెళ్ళకుండా హద్దురాయి ఇవతల కాలవగట్టు మీద కూర్చున్నారాయన. రూలు ప్రకారమే కూర్చున్నారు.

పోతురాజు బందరు నుంచి వచ్చిన రోజు సాయంత్రమే తుపాకీ మోగింది. వాడికి చూపొచ్చింది, కుడికంట్లో కొంచెం మసక మిగిలింది. చచ్చిన పిల్లిని తెచ్చి వాడి ముందే పడుకోబెట్టారు, చూడరా నిన్ను కొట్టింది అని. వాడు వంగి చాలాసేపు చూశాడు. కాలు పట్టుకుని వేళ్ళు విడదీశాడు. వేళ్ళ మధ్య బాతుకాలికున్నట్టు కాస్త చర్మం ఉంది.

"ఇదాండీ?" అన్నాడు నా వైపు తిరిగి. "దీనికాండీ నేను పరిగెత్తింది?"

మంగమ్మ దాని పొట్ట వైపు చూస్తోంది. వంగి, బొబ్బలు మానుతున్న వేళ్ళతో తడిమింది.

"పాలున్నాయండీ దీనికి," అంది.

వీరాస్వామి గారు తుపాకీ తీసుకుని మెల్లగా అక్కడి నుంచి వెళ్ళిపోయారు.

ఈరోజు బావురుపిల్లి వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, పులి సరసన. ముట్టుకుంటే జైలు. ప్రపంచం మొత్తం మీద ముప్పులో ఉన్న జంతువుల్లో దాని పేరుంది. తిల్లకి ఇప్పట్లో ముప్పు లేదని రాశారు. హోదాలు తారుమారయ్యాయి, సంతోషమే. కానీ ఆ చట్టం పుట్టడానికి అప్పటికి ఇంకా చాలా ఏళ్ళుంది.

మర్నాడు పాటు మీద నేనూ మంగమ్మా లోపలికెళ్ళాం. ఆమే వస్తానంది, పోతురాజు వద్దన్నా వినలేదు. దాని పిల్లల్ని వెతికాం. పొదపొదా తొంగి చూశాం. ఎక్కడా కనపడలేదు. ఏటి అంచున, తల్లిపిల్లి చేప పట్టిన చోట, బురదలో అడుగులు మాత్రం ఉన్నాయి. రూపాయి బిళ్ళంతేసి. అటు వెళ్ళి, ఇటు వచ్చి, మళ్ళీ అటు వెళ్ళి, అక్కడక్కడే తిరిగాయి.

అప్పటికే పోటు మొదలైంది. నీళ్ళు వచ్చి ఒక్కో అడుగులోకీ చేరుతున్నాయి. అంచులు కరుగుతున్నాయి. చూస్తుండగానే ఒకటి పెరిగింది.

"రేపు ఎవరైనా చూస్తే?" అంది మంగమ్మ.

నేను జవాబు చెప్పేలోపే ఆమె చీర పైకి దోపుకుని బురదలోకి దిగి, కాలితో ఆ అడుగులు చెరపడం మొదలుపెట్టింది. నేనూ చెప్పులు విడిచి దిగాను.